గుట్టకిందపల్లి తొలి బిందె

శివకృష్ణ పెనుకొండ కోట మీద నుంచి కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. కాలు జారలేదు, తోశారు. పట్టపగలు, నిండు ఎండలో, కింద ఊళ్లో జనం టీ తాగుతుండగా, వీపు మీద రెండు చేతులు ఆన్చి మరీ తోశారు. రాళ్ల మీద దొరికిన శవం గుప్పిట్లో ఏ ఆధారమూ లేదు. పోయేముందు ఎవరి పేరూ చెప్పలేదు. చచ్చేవాళ్లంతా క్లూలు వదిలిపెట్టి పోతే ఇక డెస్క్ ఎందుకు, దండగ!

డెస్క్ అంటే ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసు. దేశంలోని నీళ్ల మీద, మట్టి మీద, ఖనిజాల మీద బయటివాళ్లు చెయ్యి వెయ్యకుండా కాపలా కాయడం దాని పని. హిందూపురంలో దాని బ్రాంచి ఒక చింతపండు మండీలో ఉంది. బయట బస్తాలు, హమాలీలు, తూకం రాళ్లు. లోపలి గదిలో శాటిలైట్ ఫోను, ఎన్‌క్రిప్టెడ్ లైను, శ్యామలమ్మ. మండీ యజమానురాలిగా ఊరంతటికీ తెలిసిన ఆవిడ కోడ్‌నేమ్ సున్నం.

"కూర్చో, పటికా," అందావిడ.

పటిక అనే కోడ్‌నేమ్ ఉన్న మనిషి ఓబులేసు. నలభై దాటినవాడు. లేపాక్షి పక్క పల్లెలో బోరు నీళ్లు తాగి పెరిగాడు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ చిన్నప్పుడే పళ్లకు గోధుమరంగు చారలు వేసింది. పెద్దయ్యాక ఎముకల్లోకి దిగి నరాలు నొక్కింది. అందుకే చేతివేళ్ల కొసలకు స్పర్శ తెలీదు. వేడి టీ గ్లాసు పట్టుకున్నా తెలీదు, పిస్టల్ ట్రిగ్గర్ పట్టుకున్నా తెలీదు. మూడు రోజులుగా వేళ్లే కాదు, మనిషి మొత్తం అలాగే ఉన్నాడు. ఫోనులో చావు కబురు విన్నప్పుడు "సరే" అన్నాడు. సరే ఏమిటి? ఎవరైనా సరే అంటారా? కానీ ఇంకేమీ రాలేదు.

"ఇంటికి పోయినావా?" శ్యామలమ్మ అడిగింది.

"లేదు మేడం."

"శివకృష్ణ నీకు పెద్దనాయన కొడుకు. ఒకే ఇంట్లో పెరిగినారు. దినాలు కూడా కాలేదు, సూతకంలో ఉండావు. ఈ అసైన్‌మెంట్ వద్దంటే చెప్పు, నేనేమీ అనుకోను."

"పని చెప్పండి."

శ్యామలమ్మ అతని మొహంలోకి కాసేపు చూసింది. అక్కడ చూడ్డానికి ఏమీ కనబడక బ్రీఫింగ్ మొదలుపెట్టింది.

"మీ అన్న చేసిన పని నీకు తెలుసా?"

"ఫిల్టరు."

"అట్ల ఒక్క ముక్కలో చెప్పే పని కాదప్పా అది. ధర్మవరంలో పట్టును ఉడకబెట్టి జిగురు తీస్తారు కదా. ఆ జిగురు నీళ్లు ఎన్నేళ్లుగానో కాలువల్లో కంపు కొడతాండాయి. మీ అన్న ఆ జిగురును పట్టి, అల్యూమినా మట్టితో కలిపి, ఈడ హిందూపురం షెడ్డులో కాల్చి గింజలు చేసినాడు. బోరు నీళ్లు ఆ గింజల మీద పోతే ఫ్లోరైడ్ వాటికి అతుక్కుంటుంది. గింజలు నిండిపోతే కాస్టిక్ సోడాతో కడగాల, పట్టు వదిలేస్తాయి. కడిగిన నీళ్లు గుంతలోకి పోతాయి. గుంతలోది సున్నంతో గట్టిపరిచి ఇటుకలు పోస్తారు. గింజలు మళ్లా పనికొస్తాయి. పారేసేది ఏమీ లేదు. అంతా ఈ జిల్లా సరుకే, సోడా తప్ప బయట నుంచి కొనాల్సింది ఒక్కటీ లేదు."

"అందుకని చంపినారా?"

"అందుకే. వాళ్లకు డెస్క్ పెట్టిన పేరు కోరల్. దేశాలకు దేశాలకే నీళ్ల ఫిల్టర్ల సీల్డ్ కార్ట్రిడ్జీలు అమ్మే కన్సార్షియం వెనకాల ఉండే ముఠా. ఒకసారి బిగించినారంటే ఏటా వాళ్ల దగ్గరే కొనాల. పెనుకొండ దగ్గర గుట్టకిందపల్లిలో మీ అన్న ప్లాంటు ఆర్నెల్లుగా ట్రయల్ రన్‌లో ఉండాది. ఇన్నాళ్లూ ఆ నీళ్లు చెట్లకు పోసినారు. ఎల్లుండి పదిన్నరకు సెంట్రల్ టీమ్ వస్తాది. కెమెరాల ముందర గ్లాసు ఎత్తి తాగి, బాగుందంటే రాష్ట్రమంతా ఇదే పెడతారు. ఆ గ్లాసులో ఏదో కలపాలని కోరల్ ప్లాను. ఎట్ల కలుపుతారో తెలీదు. అది కనుక్కున్నందుకే మీ అన్నను తోసినారని మా అనుమానం."

"నా పని?"

"రెండు. ఆ నీళ్లు ఒక్కరూ తాగకూడదు. నీళ్లలో విషం అనే మాట ఒక్కరి నోటా రాకూడదు. రెండోది మరిచిపోవద్దు ఓబులేసూ. ఆ మాట పుట్టిందా, ఈ జన్మలో ఎవరూ ఆ కుళాయి ముట్టరు. విషం కలిపినా కోరల్‌దే గెలుపు, కలిపినారని పుకారు పుట్టినా కోరల్‌దే గెలుపు. పోలీసు జీపు కూడా ఆ కుళాయి దగ్గర ఆగడానికి లేదు."

డెస్క్ తరఫున గాడ్జెట్ ఒకటి ఇచ్చింది. చూడ్డానికి మామూలు బాల్‌పెన్ను. వెనక నొక్కితే ఎర్రటి చుక్క పడుతుంది. నీళ్లు మంచివైతే ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. ఫ్లోరైడ్ ఎక్కువుంటే పసుపుకు తిరుగుతుంది. తుపాకీ ఇవ్వలేదు. ఆ వేళ్లకు తుపాకీ ఇవ్వడం ఎప్పుడో మానేశారు.

*

మర్నాడు పొద్దున మోపెడ్ వెనక సబ్బు, సోడా సంచులు కట్టుకుని ఓబులేసు గుట్టకిందపల్లి చేరాడు. ప్లాంటుకు కడుగుడు సోడా కావాలేమోనని వచ్చిన ఏజెంటు వేషం. వేషం పెద్దగా వెయ్యక్కర్లేకపోయింది. మొహంలో కళ లేని మనిషిని సేల్స్ ఏజెంటు అంటే ఎవరైనా నమ్ముతారు.

ప్లాంటు ఊరి మొదట్లో ఉంది. రెండు స్టీలు డ్రమ్ములు, వాటి నిండా గింజలు, అరుగు మీద నల్లటి ట్యాంకు, ముందర మెరుస్తున్న కొత్త కుళాయి. వెనకాల ప్లాస్టిక్ షీటు పరిచిన గుంత. కుళాయికి అప్పుడే ఎవరో పసుపు రాశారు. ఆ రాసినావిడ పక్కనే నిలబడి ఉంది. పేరు గోవిందమ్మ. ఊళ్లో ఆడవాళ్ల సంఘానికి పెద్ద. అరవై ఏళ్లకే నడుం వంగి, మోకాళ్లు బయటికి తిరిగి, పక్కకు చూడాలంటే మెడకు బదులు మనిషంతా తిరగాల్సొస్తుంది.

"ఏమప్పా, ఎవరు నువ్వు? యాడ నుంచి?"

"హిందూపురం నుంచమ్మా. సోడా అమ్ముతా."

"సోడా సంగతి నాకేం తెలుసు? ఆ పిల్లోన్ని అడుగు." ఆపరేటర్ వైపు మనిషంతా తిరిగి పిలిచింది. "సురేషూ! ఈయప్ప సోడా అంట."

సురేష్ నవ్వుకుంటూ వచ్చాడు. పాతికేళ్లుంటాయి. యాస బాగా పట్టాడు. "సరుకు మొన్ననే దిగిందన్నా. ఇంగో తూరి రా," అన్నాడు.

"ఈ ఊరేనా తమ్ముడూ నీది?"

"పక్కూరే. ఈ బోరు నీళ్లే తాగి పెరిగినా. ఈ గింజలొచ్చి మా బతుకులు బాగు చేస్తాండాయి."

గోవిందమ్మ నవ్వింది. పళ్లన్నీ గోధుమరంగు చారలు. గోడవారన ఆడుతున్న పిల్లలు నవ్వారు, వాళ్ల పళ్లకూ అవే చారలు. ఓబులేసు నవ్వలేదు గానీ, నవ్వి ఉంటే అతనివీ అవే. సురేష్ పళ్లు మాత్రం కొబ్బరి ముక్కల్లా తెల్లగా ఉన్నాయి. ఓరి వెర్రివాడా! యాస నేర్చుకున్నావు, లుంగీ కట్టుకున్నావు, ఊరి పేర్లన్నీ బట్టీ పట్టావు. ఆ నీళ్లు తాగి పెరిగినవాడికి అలాంటి పళ్లు ఎక్కడి నుంచి వస్తాయని ఒక్కసారైనా అద్దంలో చూసుకోవద్దా?

ఊరి బయటికి వచ్చి ఓబులేసు మెసేజ్ పంపాడు. "ఆపరేటర్ కోరల్ మనిషి. పళ్లు."

శ్యామలమ్మ నుంచి జవాబు వచ్చింది. "ముట్టుకోవద్దు. వీణ్ని ఎత్తేస్తే ఇంకో ప్లాను పడుతుంది, అది మనకు తెలీదు. రేపు పొద్దున ధర్మవరం షోరూములో రాధికను కలువు. కోరల్ లోపల మన మనిషి."

అన్నను తోసిన చేతులు బహుశా ఆ చేతులే. ఓబులేసుకు అది అర్థమైంది. అర్థమవడం వరకే. కోపం రావాలి కదా అనుకుని కాసేపు మోపెడ్ ఆపుకుని చూశాడు. రాలేదు. స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

*

ధర్మవరం వీధిలో పొద్దున్నే మగ్గాల చప్పుడు. రంగు నీళ్లు కాలువలో ఎర్రగా పారుతున్నాయి. మేడ మీద పట్టుచీరల షోరూము. గాజు తలుపు, ఏసీ, మల్లెపూల రూమ్ స్ప్రే. కౌంటరు వెనక రాధిక కూర్చుని ఉంది. ముదురు ఆకుపచ్చ చీర, చెవులకు ఒంటి రాయి, కళ్లకు కాటుక. బెంగళూరు నుంచి వచ్చిన ఎక్స్‌పోర్టరు అని వీధి నమ్మకం. కోరల్ తమ మనిషి అని నమ్మకం. డెస్క్‌దీ అదే నమ్మకం. ఇంతమంది నమ్మకాన్ని ఒక్క మనిషి మోయడమంటే మాటలు కాదు. ఆవిడ మోస్తున్నట్టే కనబడదు, అంత ఒయ్యారంగా ఉంటుంది.

"జరీ లేని పట్టుచీర చూపిస్తారా?" ఓబులేసు కోడ్ చెప్పాడు.

"జరీ లేకుండా ఈ ఊళ్లో ఎవరు నేస్తారండీ? చీర తేలిపోతుంది."

"తేలినా ఫరవాలేదు. తడవకుంటే చాలు."

ఆవిడ కుర్రాళ్లను కాఫీకి పంపేసి, తలుపు వేసింది. "మీరేనా పటిక? ఇంకా ఎత్తుగా ఉంటారనుకున్నా."

"ప్లాన్ చెప్పండి."

"కూల్. సింపుల్ ప్లాన్. విషం బయట నుంచి తేవడం లేదు. అక్కడే ఉంది. ఆర్నెల్లుగా గింజలు పట్టుకున్న ఫ్లోరైడ్ అంతా డ్రమ్ముల్లో ఉంది కదా. కాస్టిక్ వదిలితే మొత్తం ఒక్కసారిగా బయటికొస్తుంది. మామూలుగా ఆ నీళ్లు గుంతలోకి పోవాలి. సురేష్ వాల్వ్ కంట్రోలర్‌ని రీప్రోగ్రామ్ చేశాడు. గుంతకు కాకుండా కుళాయి ట్యాంకుకు పోతాయి. తర్వాత కాస్త యాసిడ్‌తో సరిచేస్తాడు. నాలుకకు తేడా తెలీదు."

ఓబులేసు కళ్లార్పకుండా విన్నాడు. ఆర్నెల్లుగా గింజలు నీళ్లలోంచి పట్టి దాచిందంతా ఒక్క ట్యాంకులో. తెలివైన ప్లానే. శివకృష్ణ చేసిన వస్తువుతోనే శివకృష్ణ పేరు చెడగొట్టడం.

"ఎప్పుడు వదులుతాడు?"

"వదిలేశాడు. తెల్లవారేసరికి ట్యాంకు నిండింది. పదిన్నరకు ఆఫీసర్లు ఒక్కో గుక్క తాగుతారు. కడుపు తిప్పుకుని వాంతులవుతాయి. శాంపిల్ ల్యాబ్‌కి పోతుంది. ప్లాంట్ క్లోజ్. అంతే, ఎవరూ చావరు. ఒక్క గుక్కే కదా." చివరి మాట ఆవిడ తనకు తాను చెప్పుకున్నట్టు అంది.

ఎనిమిది దాటింది. పదిన్నరకు బోలెడు టైముంది. ఓబులేసు లేవబోయి ఆగాడు. ఎందుకో తోచి గోవిందమ్మకు ఫోన్ చేశాడు. సోడా కావాలంటే చెప్పమని నిన్న నంబరు ఇచ్చి పుచ్చుకున్నాడు.

"అమ్మా, నేను సోడా ఓబులేసును. ఈ పొద్దు కుళాయి తిప్పేది పదిన్నరకే కదా?"

"అది ఆ పెద్దోళ్ల టైమప్పా. మేము తొమ్మిదికే గంగమ్మకు పెట్టుకుంటాం."

"ఏమంటాండావమ్మా?"

"ఏమప్పా, నువ్వు ఈ సీమోనివేనా? తొలి నీళ్లు అధికారులకిస్తారా యాడన్నా? తొలి బిందె గంగమ్మది. ఆయమ్మకు పోసి, పిల్లోళ్లకు తీర్థమిచ్చి, ఇంటికో బిందె తీసుకపోయినాక మిగిలినోళ్లకు. వాయిద్యాలు కూడా వచ్చినాయి."

ఓబులేసు ఆ మాట మరిచిపోయాడు. చిన్నప్పుడు వాళ్ల పల్లెలో బోరు పడినప్పుడు అన్నతో పాటు క్యూలో నిలబడి చెయ్యి చాపినవాడే. ప్రోగ్రాం కార్డులో పదిన్నర అని అచ్చేశారు, డెస్క్ నమ్మింది, కోరల్ నమ్మింది, ఓబులేసూ నమ్మాడు. తొమ్మిదికి గంగపూజ అని కార్డులో ఎవరు వేస్తారు? ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ వెయ్యలేదు.

"కొంచెం సేపు ఆగండమ్మా."

"ఎందుకు ఆగాల?"

అతని దగ్గర ఉన్న ఒక్క జవాబూ చెప్పకూడనిది.

"సోడా అమ్ముకునేటోడు చెప్తే ముహూర్తం ఆపుకుంటారా? బలే మనిషివే!" గోవిందమ్మ ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. డోలు చప్పుడులో ఫోనెవరికి వినపడుతుంది!

రాధిక మొహంలో రంగు పోయింది. "పిల్లలకా? పిల్లలకు తీర్థమా?"

"ముందు పిల్లలకే."

"పిల్లలు తట్టుకోలేరు." సురేష్‌కు ఫోన్ కొట్టింది. స్విచ్ ఆఫ్. ఆపరేషన్ రోజు ఫోన్ ఆపెయ్యాలన్నది కోరల్ రూలు. కారు తాళాలు తీసుకుని ఆవిడే ముందు మెట్లు దిగింది. ఆ చీరలో, ఆ చెప్పుల్లో అంత వేగంగా మెట్లు దిగడం ఓబులేసు ఎక్కడా చూడలేదు.

*

ఎర్ర కారు పెనుకొండ దారి పట్టింది. గొర్రెల మందను తప్పించి, ఆర్టీసీ బస్సును ఎడమ నుంచి దాటి, గుంతల్లో ఎగిరి పడుతూ పోయింది.

"శివకృష్ణ ఆ రోజు కొండెక్కుతున్నాడని వాళ్లకు ఎవరు చెప్పినారు?" ఓబులేసు అడిగాడు. గొంతు మామూలుగానే ఉంది. టైమెంత అని అడిగినట్టుంది.

రాధిక రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. "నేనే. ఎక్కడుంటాడని అడిగారు. ఫోన్ సిగ్నల్ కోసం మధ్యాహ్నాలు కోట మీదికెళ్తాడని చెప్పా. చెప్పకపోతే నా మీద అనుమానం వచ్చేది. తోస్తారని తెలీదు. ఒట్టు, నాకు తెలీదు." కళ్లలో నీళ్లు తిరిగి కాటుక చెదిరింది. "ఏమైనా అనండి. తిట్టండి."

"కొంచెం వేగంగా పోనియ్యండి," అన్నాడు ఓబులేసు.

పెనుకొండ కొండ కనబడింది. బురుజులు, ఎండలో మాడుతున్న రాళ్లు. ఓబులేసు అటు చూశాడు. చూస్తే ఏదో అవుతుందనుకున్నాడు. కొండ కొండలాగే ఉంది.

గుట్టకిందపల్లి మొదట్లో కారు ఆగేసరికి డోళ్లు ఆగిపోయాయి. అంటే పూజ అయిపోయింది. ఆడవాళ్లు కొత్త చీరల్లో, చంకల్లో బిందెలతో కుళాయి ముందు క్యూ కట్టారు. గోవిందమ్మ దగ్గర తొలి బిందె, దాని మెడకు వేపాకు, పసుపు దారం. మొదటి చెంబు గంగమ్మకు పోసేసింది. పిల్లలు వరసగా నిలబడి కుడి అరచేతులు గుంటగా చేసి చాపారు. అందరి కంటే ముందున్న పిల్లకు ఐదేళ్లుంటాయి, జడలో కనకాంబరాలు. గోవిందమ్మ చేతిలో తీర్థం చెంచా.

కుళాయి చివర కారుతున్న బొట్టు మీద ఓబులేసు పెన్ను నొక్కాడు. ఎర్ర చుక్క కింద పడకముందే పసుపుపచ్చగా అయిపోయింది.

అరవాలి. 'తాగొద్దు, విషం' అని ఒక్క కేక వేస్తే ఈ పిల్లలు బతుకుతారు. రేపటి నుంచి ఊరు మళ్లీ ఆ బోరు నీళ్లే తాగుతుంది. ఈ పిల్ల కూడా అరవై ఏళ్లకు మనిషంతా తిరిగితే గానీ పక్కకు చూడలేదు. అరవకపోతే చెంచా ఆ చేతిలో పడుతుంది. అరవకుండా ఆపాలి. ఎలా?

చెంచా వంగింది.

ఓబులేసు జనాన్ని తోసుకుని వెళ్లి తొలి బిందెలో మోచేతి దాకా చెయ్యి ముంచేశాడు.

"నేను సూతకంలో ఉండా!" అన్నాడు గట్టిగా. "మా అన్న సచ్చిపోయినాడు. ఇంకా దినాలు కాలేదు."

ఊరంతా బిగుసుకుపోయింది. ఒక్క క్షణమే. తర్వాత ఎగసిన కేకలు గుట్ట దాకా వినపడ్డాయి. తల్లులు పిల్లల చేతులు వెనక్కి లాగారు. "ఎవడ్రా వీడు!" "మతి ఉండాదా!" "గంగమ్మ బిందె ముట్టినాడే!" గోవిందమ్మ చెంచా పారేసి, వంగిన నడుముతోనే చెయ్యెత్తి చెంప మీద ఛెళ్లుమనిపించింది.

ఆ దెబ్బ ఓబులేసుకు తెలిసింది. ఐదు రోజుల్లో తెలిసిన మొదటి సంగతి అదే.

బిందె ఒక్కటైతే చాలదు. ట్యాంకులో ఉన్నదంతా అవే నీళ్లు. అరుగెక్కి మూత ఎత్తి రెండు చేతులూ ట్యాంకులో ముంచాడు. కింద మళ్లీ కేకలు. ఎవరో మట్టిగడ్డ విసిరారు, భుజానికి తగిలింది.

"దిగు! దిగురా కిందికి!" గోవిందమ్మ అరిచింది. "ట్యాంకంతా పారబొయ్యల్ల ఇంగ! ఒక్క బొట్టు మిగలకూడదు. లోపలంతా తోమి కడిగి మళ్లా నింపల్ల!"

"పారబొయ్యండమ్మా. కాలవలో కాదు, ఎవరన్నా తొక్కుతారు," అన్నాడు ఓబులేసు. "ఆ గుంతలోకి వదలండి."

సూతకపు నీళ్లు నలుగురు తొక్కే చోట పొయ్యకూడదన్నది ఊరికి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎవరు తిప్పుతారని చూడకుండా ఓబులేసే వెనక వాల్వ్ చేత్తో తిప్పాడు. ట్యాంకు నీళ్లు భళ్లుమంటూ ప్లాస్టిక్ గుంతలోకి, అంటే మొదటి నుంచీ వెళ్లాల్సిన చోటికే వెళ్లాయి. నిండిన బిందెలన్నీ కూడా అందులోనే వొంపించింది గోవిందమ్మ. ఏ రసాయన శాస్త్రజ్ఞుడూ అంత జాగ్రత్తగా వొంపడు.

ఈ గొడవలో సురేష్ మెల్లగా జనం వెనక్కి జారుకున్నాడు. కారు పక్కన రాధిక చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ నిలబడి ఉంది.

"ప్లాన్ చెడింది. ఎక్కు," అంది మెల్లగా.

తెల్లటి పళ్లు ఇకిలించి సురేష్ ఎక్కి కూర్చున్నాడు. తమ మనిషేనని వాడి నమ్మకం. డోర్లు టక్కున లాక్ అయ్యాయి. కారు హిందూపురం చింతపండు మండీ దాకా ఎక్కడా ఆగలేదు. అక్కడ బస్తాల మధ్య వాడు కొండ మీద జరిగింది కూడా చెప్పేశాడు.

*

ట్యాంకు ఖాళీ అయ్యాక గోవిందమ్మ ఓబులేసు దగ్గరికి వచ్చింది. మూడు బారల దూరంలో నిలబడింది. కోపం ఇంకా తగ్గలేదు.

"సచ్చిపోయిన అన్న ఎవడు? యా ఊరు?"

"లేపాక్షి పక్క. శివకృష్ణ."

ఊళ్లో ఆ పేరు తెలియనివాళ్లు లేరు. ఆర్నెల్లు ఈ అరుగు మీదే కూర్చుని, ఈ డ్రమ్ముల్లో గింజలు పోసి, వీళ్లింట్లోనే రాగిముద్ద తిన్న మనిషి.

"మా శివయ్యా? మా శివయ్య తమ్మునివా నువ్వు?"

"పెద్దనాయన కొడుకు. నాకంటే రెండేండ్లు పెద్ద."

"మరి ఆడుండాల్సినోడివి, ఈడ సోడాలు అమ్ముకుంటా తిరుగుతాండావా? సిగ్గు లేదా నీకు? ఏడ్సినావా అసలు?"

"లేదమ్మా."

"ఏడు," అంది గోవిందమ్మ కసురుతున్నట్టు. ఆవిడ అప్పటికే ఏడుస్తోంది. ఓబులేసు ప్రయత్నించాడు. ఏడుపు రాలేదు. చెంప మాత్రం ఇంకా మండుతోంది. అన్న ఇక లేడు అని అప్పుడు తెలిసింది. కోట మీదికి ఎక్కినవాడు మళ్లీ కిందికి రాడు, ఫోన్ చెయ్యడు, "ఏం రా, తిన్నావా" అని అడగడు. ఎండలో అరుగు పక్కన కూలబడి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, చాలాసేపు అలా ఉండిపోయాడు.

పదిన్నరకు సెంట్రల్ టీమ్ మూడు కార్లలో దిగింది. కుళాయిలో నీళ్లు లేవు. పీచులతో, చీపుర్లతో ఊరి ఆడవాళ్లు ట్యాంకు తోముతున్నారు. ఏమిటని అడిగితే, సూతకమని చెప్పారు. ఢిల్లీ ఆఫీసరుకు అది అర్థమయ్యేలా తహసీల్దారు ఇంగ్లీషులో చెప్పలేక చెమటలు కక్కుకున్నాడు. అందరినీ ప్లాస్టిక్ కుర్చీల్లో షామియానా కింద కూర్చోబెట్టి మజ్జిగ పోశారు. ఈలోపు ఓబులేసు దూరం నుంచే చెప్తూ ఊరి కుర్రాళ్ల చేత కంట్రోలర్‌ను పాత సెట్టింగుకు తెప్పించి, గింజలను మంచినీళ్లతో చివరిదాకా కడిగించాడు. కడిగిన గింజలు మళ్లీ ఖాళీ అయ్యాయి, ఫ్లోరైడ్ పట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. ఒక రకంగా సురేష్ చేసిన పని సగం పనికొచ్చినట్టే.

మధ్యాహ్నానికి కొత్త నీళ్లు వచ్చాయి. ఓబులేసు దూరం నుంచే ఒక పిల్లవాడి చేత గ్లాసులో తెప్పించి చుక్క వేశాడు. ఎరుపు ఎరుపుగానే ఉంది. మళ్లీ డోళ్లు, మళ్లీ పూజ. తొలి చెంబు గంగమ్మకు. తర్వాత కనకాంబరాల పిల్ల రెండు చేతులా తీర్థం పట్టి, తాగి, మిగిలింది నెత్తికి రాసుకుంది. ఇంటికో బిందె వెళ్లాక ఆఫీసర్లకు గ్లాసులు వచ్చాయి. పెద్దాయన గటగటా తాగి, ఇంకో గ్లాసు అడిగాడు. కెమెరాలు తీశాయి. పని అయిపోయింది.

ఓబులేసు ఫోన్ మోగింది. శ్యామలమ్మ.

"డిలే ఎందుకైందని ఢిల్లీ అడుగుతోంది. ఏం చెప్పల్ల?"

"లోకల్ సెంటిమెంట్ అని చెప్పండి."

"వెపన్?"

"లేదు."

"కవర్ పోయిందా?"

"పూర్తిగా. ఈ జిల్లాలో ఇంక నా దగ్గర సోడా ఎవరూ కొనరు."

"రాధిక ఏడుస్తా కూర్చోనుండాది. ఏం చెయ్యమంటావు?"

"కాఫీ ఇప్పియ్యండి. తర్వాత సంగతి తర్వాత."

"నువ్వు ఇంటికి పో ఓబులేసూ. ఇది ఆర్డర్."

"పోతాండా."

ఊరంతా ఆ నీళ్లు తాగింది. డోళ్లవాళ్లు తాగారు, కారు డ్రైవర్లు తాగారు, షామియానా విప్పేవాళ్లు బాటిళ్లలో పట్టుకుపోయారు. సూతకంలో ఉన్నవాడికి ఆ కుళాయి దగ్గర గ్లాసు ఎవరిస్తారు? గోవిందమ్మ దూరం నుంచే "దినాలైనాక రాప్పా, కడుపు నిండా తాగుదువు" అంది.

మోపెడ్ ధర్మవరంలోనే ఉండిపోయింది. ఓబులేసు నడిచి పెనుకొండ బస్టాండుకు చేరేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. కొట్టులో చల్లటి నీళ్ల బాటిల్ ఒకటి కొన్నాడు. ఏ కంపెనీదో చూడబోయి, ఎందుకొచ్చిన గొడవ, కోరల్ వాళ్లదైతే తాగబుద్ధి కాదని, లేబుల్‌ను అరచేత్తో మూసేసి, ఎత్తిపట్టుకుని ఖాళీ చేసి, లేపాక్షి పోవడానికి హిందూపురం బస్సెక్కాడు.